అదింకా మనది కాలేదు

దెయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం మనిషిని నేను. చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేను చేసిన ఉద్యోగం ఆ గుణాన్ని ఇంకా గట్టిపరిచింది. మందుపాతరలు తీసే పనిలో "ఇక్కడేం ఉండదులే" అనుకునేవాడూ పనికిరాడు, "ఉందేమో" అని ఊరికే బెదిరిపోయేవాడూ పనికిరాడు. తాకి చూడాలి, కంటితో చూడాలి, అప్పుడు చెప్పాలి.

అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నానంటే, ఇన్నేళ్ళుగా అన్ని వైపుల నుంచీ ఆలోచించి చూసి, ఇక నా వల్ల కాదని తేల్చుకున్నాకే.

మాది కోనసీమ. సైన్యంలో ఇంజినీర్ల విభాగంలో కెప్టెన్‌గా పనిచేసి బయటికి వచ్చాను. తొంభైల మధ్యలో కువైట్‌లో ఉద్యోగం దొరికింది. అప్పటికి యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. పాతిపెట్టిన మందుపాతరలను ఏరివేసే పెద్ద పని ఒక విడత పూర్తయింది కూడా. అయినా ఎడారిలో గాలి ఊరుకోదు. ఇవాళ ఇసుక దిబ్బ ఉన్నచోట రెండేళ్ళకి చదును ఉంటుంది. దిబ్బ కింద దాక్కున్నవి అప్పుడు పైకి తేలతాయి. అందుకే చూసిన నేలనే మళ్ళీ చూసే కార్యక్రమం ఒకటి ప్రభుత్వం నడిపించింది. అందులో సూపర్‌వైజర్‌గా చేరి, కొన్నేళ్ళకి మేనేజర్‌నయ్యాను. తర్వాత తర్వాత వేరే దేశాల సైనికాధికారులు వస్తే వాళ్ళకి పని చూపించి, నేర్పించి పంపే బాధ్యత కూడా నాకే ఇచ్చారు.

సెలవుకి ఊరెళ్ళినప్పుడు కువైట్‌లో ఏం పని అని అడిగేవారు. నేల బాగుచేస్తానండీ అనేవాణ్ణి. ఎడారిలో వ్యవసాయం ఏమిటా అని ఆశ్చర్యపోయేవారు. నేను దిద్దేవాణ్ణి కాదు. ఆ మాట నాకు నచ్చింది.

మా గోదాము అమ్ఘరాలో ఉండేది. చుట్టూ పాత ఇనుము యార్డులు, సిమెంటు, ఇటుకల దుకాణాలు. అక్కడే సత్తిబాబుని మొదటిసారి చూశాను. ఆయన ముమ్మిడివరం దగ్గరివాడు, సైన్యంలో హవల్దారుగా చేసినవాడు, మాకు టీమ్ లీడర్. ఎత్తూ లావూ అయిన మనిషి. మందు పేలినా గుండెకి తగలకుండా మేం వేసుకునే బరువైన నీలం కోటు ఆయనకి చాలేది కాదు. పక్కన పట్టీలు కలవక, ఏదో గుడ్డపీలికతో ముడేసుకునేవాడు. పెద్ద సైజు తెప్పిస్తానన్నా వద్దనేవాడు. ఇది అలవాటైపోయిందండి, ఇప్పుడు కొత్తది వేసుకుంటే దురదొస్తుంది అని నవ్వేవాడు.

సత్తిబాబు మాట ఒకటి మా టీములన్నిటికీ ఊతపదం అయిపోయింది. పరీక్ష పూర్తయిన నేలని ఆయన "మనది" అనేవాడు. పూర్తికాని దాన్ని "అదింకా మనది కాలేదు" అనేవాడు. నేపాలీలు, బంగ్లాదేశీలు, లంకవాళ్ళు కూడా తెలుగు రాకపోయినా ఆ మాట నేర్చుకున్నారు. చూసిన నేలకి హద్దుగా కట్టిన తాడుకి అవతల కాలు పెట్టబోయిన వాణ్ణి పక్కవాడు "మనది కాలేదు, మనది కాలేదు" అని ఆపడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఆయన కింద పనిచేసిన వాళ్ళలో ఒక్కడికీ ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. మా వృత్తిలో అంతకంటే చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

జహ్రా దాటాక పడమటి వైపు ఒక పెద్ద మైదానం సత్తిబాబు టీమే శుభ్రం చేసింది. సంతకం నాది. ఆ ప్రాంతంలో చలికాలం వస్తే కువైటీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటాయి. పిల్లలు చెప్పుల్లేకుండా ఇసుకలో పరిగెడతారు. ఆ మైదానంలో మళ్ళీ గుడారాలు లేచిన మొదటి ఏడాది నేనూ సత్తిబాబూ కారు పక్కన ఆపి చూస్తూ నిలబడ్డాం. ఆయన చేతులు కట్టుకుని, సొంత పొలం చూసుకుంటున్న రైతులా నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయనకి కడుపులో జబ్బు బయటపడింది. ఉద్యోగం వదిలి ఇంటికెళ్ళాడు. వానాకాలంలో పోయాడని ఫోన్ వచ్చింది. సెలవు దొరక్క నేను వెళ్ళలేకపోయాను.

అసలు సంగతి ఆ చలికాలంలో జరిగింది.

ఒకరోజు ఉదయం అబూ నాసర్ అనే పెద్దమనిషి మా ఆఫీసుకి వచ్చాడు. రుమైథియాలో ఇల్లు, పదవీ విరమణ చేసిన ఇంజినీరు. బాగా కోపంగా ఉన్నాడు. నేను తెప్పించిన టీ కూడా ముట్టుకోలేదు. ఆయన చెప్పింది ఇది. ముందురోజు కుటుంబంతో ఆ మైదానానికి వెళ్ళారు. ఎప్పుడూ వేసే చోటికి కాస్త అవతల, గాలికి దిబ్బ కరిగిపోయి చదునైన కొత్త జాగా కనిపించింది. అక్కడ గుడారం వేద్దామనుకున్నారు. సామాను దింపుతుంటే మా పనివాడు ఒకడు వచ్చి ఇంటి పనిమనిషిని అడ్డుకున్నాడు. అటు వెళ్ళొద్దన్నాడు. ఆయన భార్య దూరం నుంచి ఆ నీలం కోటు చూసి హడలిపోయి, పిల్లల్ని కారులో ఎక్కించి వెంటనే ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

"నేల శుభ్రంగా ఉందని మీరే చెప్పారు. మరి మీ మనిషి అక్కడేం చేస్తున్నాడు?" అని నిలదీశాడు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

నా మనుషులెవరూ ఆ వైపు లేరు. ఆ వారమంతా అందరూ దక్షిణాన నూనెబావుల దగ్గర పనిలో ఉన్నారు. అదే చెప్పాను. ఆయన నమ్మలేదు. సరే, మీ పనిమనిషి గుర్తుపడుతుందేమో, అందరి ఫొటోలూ చూపిస్తాను, రమ్మనండి అన్నాను.

నాకు ఇంకో దిగులు కూడా పట్టుకుంది. ఆ తర్వాతి వారంలోనే పొరుగు దేశపు సైనికాధికారుల బృందం ఒకటి రాబోతోంది. వాళ్ళ దేశంలో కూడా ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టబోతున్నారు. మా పనికి నమూనాగా వాళ్ళని నడిపించి చూపించడానికి నేను ఎంచుకున్నది సరిగ్గా ఆ మైదానమే. మంత్రిత్వ శాఖ తరఫున మా మీద ఉన్న కర్నల్ గారు కూడా దానికే ఒప్పుకున్నారు.

సాయంత్రం అబూ నాసర్ ఆమెను తీసుకొచ్చాడు. పేరు రమణమ్మ. రాయచోటి పక్క పల్లె. నలభై లోపు మనిషి, నెమ్మదస్తురాలు. నేను తెలుగులో పలకరించేసరికి ముఖంలో బెరుకు కొంచెం తగ్గింది. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమన్నాను.

"మామా, అదే మా ఇంటామె, చాప పరచమనింది సార్. చాప తీసుకోని పోతాంటి. ఒకాయన ఎదురుగా వచ్చి నిలబడినాడు. లావాటి మనిషి. నీలం కోటు ఏసుకోనుండాడు. అది ఆయప్పకి సాలకుంటే పక్కన గుడ్డపీలికతో ముడేసుకోనుండాడు."

నేను రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. ఏం మాట్లాడాడు అని అడిగాను.

"తెలుగులోనే మాట్లాడినాడు సార్. మా పక్క మాట కాదు, మీ మాట మాదిరి. 'అదింకా మనది కాలేదమ్మా, ఇటొచ్చెయ్' అన్యాడు. నాకు అర్థం కాలా. ఇది కువైటోళ్ళ నేల కదన్నా, మనదెట్టయితాది అన్యా. ఆయన నవ్వినాడు. చెయ్యి అడ్డం పెట్టి అట్లే నిలబడినాడు. మామా పిలిస్తే ఇటు తిరిగినా. మళ్ళా సూస్తే లేడు."

భయమేసిందా అని అడిగాను. లేదంది. ఇంట్లో పెద్దాయన చెప్పినట్టు చెప్పాడు, భయమెందుకేస్తుంది అంది.

ఫొటోలు చూపించాను. ఆ ఏడాది పనిచేస్తున్న వాళ్ళందరివీ చూసి, వీళ్ళలో లేడంది. అప్పుడు నా బల్ల వెనక గోడ మీద ఉన్న పాత ఫొటో వైపు ఆమె చూపు వెళ్ళింది. మా పాత టీము అంతా కలిసి దిగింది. నేనేమీ చూపించలేదు, ఏమీ అనలేదు. ఆమె లేచి దగ్గరికెళ్ళి వేలు పెట్టింది.

"ఈయనే సార్."

ఆ వేలు సత్తిబాబు మీద ఉంది.

నేను వెంటనే నమ్మేశానని అనుకోవద్దు. తర్వాతి రెండు రోజులూ ఎన్ని రకాలుగా వెతకాలో అన్ని రకాలుగానూ వెతికాను. రమణమ్మ కువైట్‌కి వచ్చేసరికే సత్తిబాబు ఊరు వెళ్ళిపోయి కొన్ని నెలలైంది, కాబట్టి ఆయన్ని చూసి ఉండే అవకాశం లేదు. ఆయన కోటు ఎవరైనా పట్టుకెళ్ళి వేసుకున్నారేమోనని అమ్ఘరా గోదాముకి వెళ్ళాను. కోటు అక్కడే మేకుకి వేలాడుతోంది, గుడ్డపీలికతో సహా. గోదాము తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. ఎడారిలో మేకలు కాసేవాళ్ళెవరైనా తెలుగువాళ్ళేమోనని విచారించాను. ఆ దరిదాపుల్లో ఉన్న ఒక్క మేకల కాపరీ సూడాన్‌వాడు, బక్కపల్చటి మనిషి. మా వాళ్ళలో ఎవరైనా వేళాకోళం చేశారా అంటే, మా వాళ్ళెవరూ అలాంటి విషయంలో వేళాకోళం చేయరు. ఒకవేళ చేసినా, ఆ ఊతపదం బయటివాళ్ళకి తెలిసే మార్గం ఉంది గానీ, ఆ ఫొటోలో అందరినీ వదిలి ఆయన్నే ఆమె ఎలా పట్టుకుంటుంది?

ఆమె మాట నమ్మాలా వద్దా అన్నది పక్కన పెట్టి, నేను చేయాల్సిన పని ఒకటుంది. దిబ్బ కరిగిన చోటు కొత్తగా బయటపడ్డ నేల. మేం చూసినప్పుడు దాని మీద లోహాన్ని పసిగట్టే మా పరికరానికి అందనంత ఇసుక ఉండేది. నియమం ప్రకారం అంత లోతు వరకూ చూడమని ఎవరూ అడగలేదు. కానీ ఇప్పుడు ఆ లోతు పైకి వచ్చింది.

కర్నల్ గారి దగ్గరికి వెళ్ళి, ఆ మైదానంలో ఒక మూల మళ్ళీ పరీక్షించాలి, బృందం వచ్చేలోపు కుదరకపోతే కార్యక్రమం వాయిదా వేయాలి అన్నాను. ఆయన కనుబొమలు పైకెత్తారు. నీ సంతకం ఉన్న నేలనే నువ్వు అనుమానిస్తావా అని అడిగారు. అవునన్నాను. ఎందుకని అడిగారు. ఒక ఇంటి పనిమనిషి చెప్పింది అన్నాను. ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. నేను నవ్వుతానేమోనని చూశారనుకుంటాను. తర్వాత, "యల్లా మూర్తీ, వెళ్ళు" అన్నారు.

దక్షిణం నుంచి ఒక టీముని రప్పించాను. మేనేజరయ్యాక నేను మోకాళ్ళ మీద కూర్చుని పని చేసి చాలా ఏళ్ళయింది. ఆరోజు మాత్రం వెతకాల్సిన నేలలో ఒక వరస నేనే తీసుకున్నాను. టీము వాళ్ళు వద్దని మొహమాటంగా చెప్పారు, నేను వినలేదు.

అబూ నాసర్ రమణమ్మను కూడా అక్కడికి తీసుకొచ్చాడు. ఆమెను తాడుకి ఇవతల నిలబెట్టి, కోటు మనిషి ఎక్కడ అడ్డం నిలబడ్డాడో చూపించమన్నాం. ఆమె ఏ తడబాటూ లేకుండా చూపించింది.

ఎండ తేలిగ్గా ఉంది. గాలి లేదు. బోర్లా పడుకుని, సన్నటి ఇనుప చువ్వని ఏటవాలుగా ఇసుకలోకి దింపుతూ, కొంచెం కొంచెం ముందుకి జరుగుతున్నాను. ఆమె చూపించిన చోటు దాటాను. అక్కణ్ణుంచి ఒక చేయి చాపితే అందేంత దూరంలో చువ్వకి ఏదో తగిలింది. రాయి తగిలితే చేతికి ఒక రకంగా తెలుస్తుంది. ఇది రాయి కాదు.

బ్రష్షుతో ఇసుక తప్పించి చూశాను. ప్లాస్టిక్‌తో చేసిన మందుపాతర. లోహం గోరంత కూడా ఉండదు గనక పరికరానికి సరిగ్గా చిక్కదు. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. యుద్ధంలో పాతిన ఒక వరస చివరి కొస దిబ్బ కింద చిక్కుకుపోయి ఉంది. అబూ నాసర్ తెచ్చిన గుడారం పెద్దది. దాని ఇనుప మేకుల్ని సుత్తితో కొట్టి దింపాలి. ఆ మేకు ఒకటి సరిగ్గా అక్కడ దిగి ఉండేది.

లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే తాడుకి ఇవతల అబూ నాసర్ నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు. రమణమ్మ ఆయనకి మంచినీళ్ళు ఇస్తోంది.

ఆ వరసంతా తీసి, చుట్టుపక్కల కూడా జల్లెడ పట్టినట్టు చూసి, అప్పుడు మళ్ళీ సంతకం పెట్టాను. విదేశీ బృందం రాకని వాయిదా వేయలేదు. కర్నల్ గారు పని జరుగుతుండగానే తీసుకొచ్చారు. శుభ్రం చేసిన నేలని మళ్ళీ అనుమానించి చూసే కార్యక్రమం ఎలా ఉంటుందో వాళ్ళు కళ్ళారా చూశారు. ఆ అధికారుల్లో పెద్దాయన వెళ్ళేముందు, మాకు నేర్పాల్సింది ఇదే అన్నాడు. కొన్నాళ్ళకి మా టీములో ఇద్దరు వాళ్ళ దేశం వెళ్ళి శిక్షణ ఇచ్చి వచ్చారు. నా ఉద్యోగ జీవితంలో తల ఎత్తుకుని నడిచిన రోజులు చాలా ఉన్నాయి. వాటన్నిటిలో నేను మొదట చెప్పుకునేది ఆ రోజుల గురించే.

రిపోర్టులో ఆ నేలని మళ్ళీ ఎందుకు పరీక్షించారన్న చోట ఏం రాయమంటారని కర్నల్ గారిని అడిగాను. ఆయనకి అప్పటికి ఫొటో సంగతి కూడా చెప్పాను. ఆయన "గాలి అని రాయి. ఖలాస్" అన్నారు. అలాగే రాశాను. అది అబద్ధం కూడా కాదు.

మరుసటి చలికాలం అబూ నాసర్ కుటుంబం ఆ కొత్త జాగాలోనే గుడారం వేసింది. నన్ను భోజనానికి పిలిచారు. పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. రమణమ్మ టీ తెచ్చి ఇస్తే, ఆ నీలం కోటు ఆయన మళ్ళీ ఏమైనా కనిపించాడా అని మెల్లగా అడిగాను. లేదు సార్, ఆయనకి ఇంక పనేముంది ఈడ అంది, చాలా మామూలుగా.

ఆ ఏడాది సెలవుకి వెళ్ళినప్పుడు ముమ్మిడివరం వెళ్ళాను. సత్తిబాబు భార్య వెంకటలక్ష్మి గారిని అదే మొదటిసారి చూడడం. ఆమెకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని దారి పొడుగునా తటపటాయించాను. అబూ నాసర్ కుటుంబం బతికి ఉందంటే ఆ కథలో ఆయన పేరు ఉంది, ఆమెకి తెలియకపోతే ఎలా అనిపించింది. చెప్పాను. రమణమ్మ నాతో ఎలా చెప్పిందో అలాగే, ఒక్క మాట కలపకుండా చెప్పాను.

ఆమె ఏడవలేదు. అదెలా సాధ్యం అని అడగలేదు. నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"మనిషి ఎలా ఉన్నారంటండి? బాగా చిక్కిపోయి ఉన్నారా?"

చివరి నెలల్లో ఆయన మంచం మీద ఎముకల గూడులా అయిపోయాడని అప్పటికి నాకు తెలియదు. ఆ తర్వాత వాళ్ళబ్బాయి చెప్పాడు.

"లేదమ్మా, లావుగానే ఉన్నాడంట. కోటు కూడా చాలలేదంట. నవ్వాడంట," అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. తర్వాత లేచి, భోజనం చేసి వెళ్ళాలండి అని వంటింట్లోకి వెళ్ళింది.

నేను దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాను. కానీ ఆరోజు రమణమ్మకి ఎదురుపడింది ఎవరని అడిగితే మాత్రం ఆమె వేలు పెట్టి చూపించిన ఫొటో సంగతే చెబుతాను. ముమ్మిడివరంలో సత్తిబాబు భార్య వంటింట్లోంచి వచ్చి వడ్డించేటప్పుడు, ఎంతోకాలానికి కడుపునిండా తిన్న మనిషిలా కనిపించింది. అది నేను నా కళ్ళతో చూశాను. అంతవరకు చెప్పగలను.